రాజ్‌దూత్ 350 కొంటున్నారా? అపోహలు – వాస్తవాలు

ఫరీదాబాద్‌లో ఎస్కార్ట్స్ సంస్థ 1983లో మొదలుపెట్టి ఆ దశాబ్దం చివరిదాకా తయారుచేసిన రాజ్‌దూత్ 350 అప్పట్లో పెద్దగా అమ్ముడుపోలేదు. పెట్రోలు బాగా తాగుతుందని, విడిభాగాలు దొరకవని జనం జంకారు. ఆ రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ బండికే ఇప్పుడు లక్షలు పలుకుతున్నాయి. ధరతో పాటు దాని చుట్టూ కథలూ పెరిగాయి. ఆ కథలు నమ్మి కొన్నవాడి డబ్బు పోవడం ఒక ఎత్తు. వాటి చాటున దొంగ బండ్లు దర్జాగా చేతులు మారడం, అసలైన బండ్లు ముక్కలై పోవడం మరో ఎత్తు. నాకు ఎక్కువ బాధ కలిగించేది రెండోదే.

అపోహ: “భాగాల మీద ‘మేడిన్ జపాన్’ అని ఉంది. ఇది జపాన్ నుంచి దిగిన బండి.”

జపాన్ యమహా ఆర్‌డీ 350బీ ఆధారంగా ఇక్కడ తయారైన బండి ఇది. తొలినాళ్లలో దిగుమతి భాగాలు వాడారు కాబట్టి ఆ అచ్చు కనిపించడంలో వింత లేదు. జపాన్ బండికి ముందు చక్రానికి డిస్క్ బ్రేకు ఉండేది, ఇంజిన్ శక్తి 39 హార్స్‌పవర్. మనదానికి రెండు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. మైలేజీ కోసం సైలెన్సర్లలో పొగ దారిని కూడా ఇరుకు చేశారు. కాబట్టి డిస్క్ బ్రేకున్న రాజ్‌దూత్‌ను చూపించి “ఇంపోర్టెడ్ మోడల్” అంటే, దాన్ని తర్వాత ఎవరో మార్చారని అర్థం. అన్నట్టు, ఊళ్లలో పాలక్యాన్లు మోసిన రాజ్‌దూత్ 175కి పోలండ్ బండి మూలం. ఈ రెండింటికీ పేరు తప్ప చుట్టరికం లేదు.

అపోహ: “సైడ్ ప్యానెల్ మీద ‘హై టార్క్’ అని ఉందిగా!”

హై టార్క్ రకం 30.5 హార్స్‌పవర్ ఇచ్చేది, 1985 దాకా వచ్చింది. ఆ తర్వాత మైలేజీ కోసం 27 హార్స్‌పవర్ లో టార్క్ తెచ్చారు. మొదటిదానికి గిరాకీ ఎక్కువ కనుక రెండోదానికి దాని స్టిక్కర్లు అంటించి అమ్ముతున్నారు. ముందు ఆర్సీలో తయారీ సంవత్సరం చూడండి. తర్వాత సిలిండర్లు, సైలెన్సర్లు ఏ రకానివో ఈ బండ్ల మీదే చేయి తిరిగిన మెకానిక్‌తో చూపించండి. ఏ భాగం ఎక్కడిదో తెలియని హై టార్క్ కంటే, పుట్టినప్పటి భాగాలతో ఉన్న లో టార్క్ మేలని నేను అంటాను.

అపోహ: “కొత్త రంగు, కొత్త క్రోమ్. షోరూం బండిలా ఉంది, ధర ఎక్కువే ఉంటుంది.”

కొత్త రంగు ఎన్నిసార్లైనా వేయొచ్చు. ఫ్యాక్టరీలో వేసిన రంగు ఒక్కసారే. గీతలు పడి, ట్యాంకు మీద మోకాళ్లు తగిలేచోట వెలిసిన బండి తన చరిత్రను దాచుకోకుండా చూపిస్తుంది. కొత్త పెయింటు కింద ఏముందో ఎవరికీ కనపడదు. పుట్టీ ఉండొచ్చు, వెల్డింగ్ ఉండొచ్చు, ప్రమాదంలో వంగి సరిచేసిన ఫ్రేము ఉండొచ్చు. రీస్టోర్ చేయించడం తప్పని కాదు. శ్రద్ధగా చేసినవాడు విప్పకముందు ఫొటోలు, కొన్న భాగాల బిల్లులు, తీసేసిన పాత భాగాలు దాచి ఉంచుతాడు. అవి చూపించలేని “ఫుల్ రీస్టోరేషన్”కు రంగు ఖర్చుకు మించి విలువ కట్టనక్కర్లేదు. అసలు రంగు మిగిలిన బండి మీకు దొరికితే మాత్రం, దయచేసి మెరుపు కోసం దాన్ని గీకించకండి.

మీటరులో తక్కువ కిలోమీటర్లు ఉన్నాయన్న మాటా ఇలాంటిదే. కేబులు తీసేస్తే అంకె ఆగిపోతుంది, మీటరు మారిస్తే అంకే మారిపోతుంది. దానికంటే ఫుట్‌రెస్టు రబ్బర్ల, బ్రేకు పెడల్ అరుగుదల చూడటం నయం.

అపోహ: “ఆర్సీ ఉంది. ఇంకేం కావాలి?”

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. బండి ఎప్పుడో తుక్కైపోతుంది, ఆర్సీ మాత్రం మిగులుతుంది. ఆ కాగితం కొని, దానికి సరిపోయేలా మరో బండి మీద నంబర్లు కొట్టిస్తారు. ఆ మరో బండి దొంగిలించినదీ కావచ్చు. పాత యమహా ఆర్‌ఎక్స్ 100 బండ్లు కొనేవాళ్లకూ ఇదే ప్రమాదం.

అందుకే కాగితాన్ని లోహంతో సరిచూడాలి. ఫ్రేము మెడ దగ్గర ఛాసిస్ నంబరు, క్రాంక్‌కేస్ మీద ఇంజిన్ నంబరు ఉంటాయి. రెండూ ఆర్సీతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. అంకెల ఆకారం, లోతు, వరస గమనించండి. ఆ చోట మాత్రమే రాకిన గుర్తులున్నా, తాజా రంగున్నా వెనక్కి వచ్చేయండి. నంబరు గుద్దినప్పుడు దాని కింద లోహం కూడా నలుగుతుంది. అందుకే పైన అరగదీసినా, ఫోరెన్సిక్ ల్యాబులో ఆమ్లం పూసి చెరిపిన అంకెలను మళ్లీ తేల్చగలుగుతారు. దొంగ బండి అని తేలితే పోలీసులు దాన్ని స్వాధీనం చేసుకుంటారు. మీరిచ్చిన డబ్బు కోసం అమ్మినవాడి వెంట పడాల్సింది మీరే.

రిజిస్ట్రేషన్ నంబరు కూడా చరిత్ర చెబుతుంది. మోటారు వాహనాల కొత్త చట్టం 1989 జూలై 1న అమల్లోకి వచ్చింది. అంతకుముందు మన దగ్గర మూడక్షరాల నంబర్లుండేవి. 1984 బండికి కొత్త తరహా నంబరుందంటే మధ్యలో ఎప్పుడో మళ్లీ రిజిస్టరైంది. రాష్ట్రం మారి ఉండొచ్చు, అది నేరమేమీ కాదు. కానీ ఎందుకు మారిందో కాగితంతో చెప్పగలగాలి. వేరే రాష్ట్రం బండైతే అక్కడి ఆర్టీవో ఇచ్చిన నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) అడగండి. ఆర్సీలో ఫైనాన్స్ నమోదై ఉంటే ఆ బాకీ తీరినట్టు రుజువు చూడండి. దొంగతనం ఫిర్యాదు ఉందేమో జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ) వారి ‘వాహన్ సమన్వయ్’లో వెతకొచ్చు. యాజమాన్యం మార్చే 29, 30 ఫారాలను సంతకాలు పెట్టి ఖాళీగా చేతిలో పెట్టి “తర్వాత మార్చుకోండి” అంటే ఒప్పుకోవద్దు. ఆర్సీలో పేరున్న మనిషిని కలవాల్సిందే.

అపోహ: “వింటేజ్ బండి కదా, రూల్స్ వర్తించవు.”

కేంద్రం 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటితేనే వింటేజ్. మొట్టమొదటి రాజ్‌దూత్ 350కి కూడా 2033 దాకా ఆ అర్హత రాదు. అప్పటిదాకా అది మామూలు బండే. 15 ఏళ్ల గడువు దాటింది కాబట్టి ఆర్సీని ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. గడువు తీరిపోయి ఉంటే ఆ ఖర్చు, ఆ తిరుగుడు ధరలో తగ్గాలి.

అపోహ: “టూ స్ట్రోక్ అన్నాక పొగ రాదా?”

చల్లటి ఇంజిన్‌కు కాసేపు వస్తుంది. వేడెక్కాక కూడా దట్టంగా వస్తుంటే క్లచ్ వైపు క్రాంక్ సీల్ పాడై గేర్ ఆయిల్ లోపలికి పోతుండొచ్చు. అవతలి వైపు సీల్ పోతే పొగ రాదు, గాలి దూరుతుంది. ఇది ఇంకా ప్రమాదం, వేడికి పిస్టన్ పట్టేస్తుంది. మీరు వెళ్లేసరికే ఇంజిన్ వేడిగా ఉంటే మరోరోజు వస్తానని చెప్పి, చల్లగా ఉన్నప్పుడు మీరే కిక్ కొట్టి చూడండి.

సిలిండర్ల అసలు బోర్ 64 మిల్లీమీటర్లు. ఎన్నిసార్లు బోర్ చేయించారో అడగండి. చివరి సైజు పిస్టన్ ఉందంటే తర్వాతి మరమ్మతుకు స్లీవ్ వేయించాల్సిందే. ఆయిల్‌ను తనంతట తానే అందించే ఆటోల్యూబ్ పంపును చాలామంది తీసి పారేశారు. అది పనిచేస్తూ ఉంటే, ఆ బండిని ఎవరో ప్రేమగా చూసుకున్నారని అనుకోవచ్చు.

ఇక ధర. ప్రకటనల్లో కనిపించే అంకె అమ్మేవాడి ఆశ. ఎంతకు అమ్ముడైందో అది చెప్పదు. ఈమధ్య నిజంగా కొన్నవాళ్లను నలుగురిని అడగండి. ఆ ధరలోంచి మీ బండికి లేని భాగాలు, క్రాంక్ పని, బోర్ పని, కాగితాల ఖర్చు తీసేయగా మిగిలిందే మీరు అడగాల్సిన ధర. ఛాసిస్ నంబరు ఆర్సీతో కలవకపోతే ఈ లెక్క వేయాల్సిన పనే లేదు. దాన్ని ఎంత తక్కువకిచ్చినా కొనకండి.