కుట్టు విప్పేవారు లేని చోట

ఇల్లూ వాకిలీ లేని మూగజీవికి ఆపరేషన్ ఎలా చేయాలి? బెంగళూరు వీధులకు ఆ జవాబు చాలా అవసరం.

బెంగళూరులో వీధికుక్కల చెవులు గమనించండి. చాలావాటికి అంచున చిన్న గాటు ఉంటుంది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిందనడానికి అది గుర్తు. 2019లో నగరంలో సుమారు 3.10 లక్షల వీధికుక్కలు ఉన్నాయని అంచనా. 2023లో అప్పటి నగరపాలక సంస్థ బీబీఎంపీ సర్వే చేస్తే 2.79 లక్షలని తేలింది. ఆపరేషన్ అయినవి 51 శాతం నుంచి దాదాపు 72 శాతానికి పెరిగాయి.

పెంపుడు కుక్కకైతే ఆపరేషన్ తర్వాత మందు వేయడానికి, గాయం నాకకుండా కాపు కాయడానికి, కుట్లు విప్పించడానికి ఇంట్లో మనిషి ఉంటాడు. వీధికుక్క మాత్రం కొద్ది రోజులు కేంద్రంలో ఉండి, పట్టుకొచ్చిన చోటికే వెళ్లిపోతుంది. 2001 నాటి ఏబీసీ (జంతు జనన నియంత్రణ) నిబంధనలు చెప్పిందీ, వాటి స్థానంలో 2023లో వచ్చినవి చెబుతున్నదీ అదే. ఆపైన వానా, బురదా, తోటి కుక్కల కొట్లాటా. ఇంట్లో దొరికే సంరక్షణంతా దానికి ఆపరేషన్ బల్ల మీదే అందాలి.

పొట్ట నుంచి డొక్కకు

ఆడకుక్కకు పొట్ట మధ్యగా కోయడం పాత పద్ధతి. మన దేశంలో చాలా కేంద్రాలు కుడి డొక్కన చిన్న కోతతో పని ముగిస్తున్నాయి. కుడి అండాశయం ఎడమదానికన్నా ముందుకు, కిడ్నీకి దగ్గరగా ఉంటుంది కాబట్టి అటువైపు నుంచి అందుకోవడం తేలిక. కండరాన్ని తెగ్గొట్టకుండా పీచుల వెంట విడదీస్తారు. కుట్లు ఊడినా పేగులు బయటికి జారే ముప్పు తక్కువ. పాలిచ్చే తల్లికైతే పొదుగు జోలికి పోనక్కర్లేదు. గాయాన్ని దూరం నుంచే చూడొచ్చు. చర్మం లోపల కరిగిపోయే దారం వాడితే విప్పే పనే లేదు.

గర్భాశయం కూడా తీయాలా? ఆరోగ్యంగా ఉన్న ఆడకుక్కకు అండాశయాలు తీస్తే చాలని యూరప్ పరిశోధకులు 2006లో పాత అధ్యయనాలన్నీ జల్లెడపట్టి చెప్పారు. అండాశయాల హార్మోన్లు ఆగితే గర్భాశయంలో చీము పట్టే జబ్బుకు ఆస్కారం దాదాపు ఉండదు. ల్యాప్రోస్కోపీతో నొప్పి ఇంకా తగ్గుతుందని 2005 నాటి అమెరికా అధ్యయనం చూపింది. ఆ పరికరాల ఖరీదు మాత్రం వీధికుక్కల కేంద్రాలకు భారమే.

పిల్లి ముఖంలో నొప్పి

వీధిపిల్లుల సంగతీ ఇంతే. పైగా పిల్లి నొప్పిని దాచుకుంటుంది. దాన్ని పసిగట్టేందుకు మాంట్రియల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో ఒక కొలమానం ప్రచురించారు. చెవులు, కళ్లు, మూతి, మీసాలు, తల వాలు చూసి ఒక్కోదానికి 0 నుంచి 2 వరకు మార్కులు వేస్తారు. మొత్తం పదికి నాలుగు రాగానే నొప్పిమందు ఇవ్వాలి. పైసా ఖర్చు లేదు, చూసే ఓపిక ఉంటే చాలు.

కత్తితో పనిలేని రోజు కోసమూ ప్రయత్నం సాగుతోంది. 2023లో ప్రచురితమైన అమెరికా అధ్యయనంలో ఆరు ఆడపిల్లులకు ఒక్క జన్యుచికిత్స ఇంజెక్షన్ ఇస్తే రెండేళ్ల పరిశీలనలో ఒక్కటీ చూలు కట్టలేదు. అది వీధుల దాకా రావడానికి సమయం పడుతుంది. అప్పటిదాకా కోతే దిక్కు.

అందుకే బెంగళూరైనా, హైదరాబాదైనా, విజయవాడైనా ఎన్ని ఆపరేషన్లు చేశామన్న లెక్కతో ఆగిపోకూడదు. ఎన్ని గాయాలు శుభ్రంగా మానాయి, ఎన్నింటికి చీము పట్టింది, నొప్పిమందు ఎన్నింటికి అందింది అన్నవీ ప్రతి కేంద్రం నెలనెలా ప్రకటించాలి. ఖర్చు పెట్టేది మన పన్నుల డబ్బే గనుక, ఆ లెక్క అడిగే బాధ్యతా మనదే.