మీకు తెలుసా? ఓసీ గొయ్యి ఏ ఖాతాలోకి?

మంచిర్యాల పక్కనే శ్రీరాంపూర్, ఇందారం ఓపెన్‌కాస్టు (ఓసీ) బొగ్గు గనులు. ఆ గొయ్యిని ఏ రకం నేల కింద రాయాలి? ఇల్లు కాదు, చేను కాదు, చెరువు అసలే కాదు.

అమెరికా పద్ధతిలోనైతే అది బంజరు. అక్కడి జియలాజికల్ సర్వే 1976లో నేలనంతా 9 పెద్ద తరగతులుగా విడగొట్టింది. జేమ్స్ ఆండర్సన్ బృందం చేసిన పని అది. ఉపరితల గనులను, క్వారీలను ఇసుక మేటలు, రాతి నేలల సరసన కూర్చోబెట్టారు. మన హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్నారెస్సీ) పటాల్లో మాత్రం అదే గని ఊళ్లు, పట్నాలతో పాటు కట్టడాల తరగతిలో ఉంటుంది. దేశంలోని పాడు భూముల అట్లాస్ కూడా ఎన్నారెస్సీ సాయంతో వచ్చిందే. అందులో గనుల వల్ల పాడైన నేలకు మళ్లీ వేరే గడి! వ్యవసాయ గణాంకాల్లో ఏళ్లుగా నడుస్తున్న తొమ్మిది రకాల లెక్క ప్రకారం అది 'వ్యవసాయేతర వినియోగం'. ఇక ఆ జాగ అటవీ శాఖదైతే మరీ విచిత్రం. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం కింద గనికి అనుమతి దొరికినా భూమి హోదా మారదు. ఒక్క చెట్టూ మిగలకున్నా కాగితం మీద అడవే.

ఇందులో ఎవరి లెక్కా తప్పు కాదు. ఒకరు పైకి కనిపించేది రాస్తారు, ఒకరు దేనికి వాడుతున్నారో రాస్తారు, ఇంకొకరికి రికార్డే ముఖ్యం. ఈ మూడింటినీ కలగలిపి 'అడవి పెరిగింది', 'సాగు తగ్గింది' అని చెప్పినప్పుడే చిక్కు. ఈ తికమక గనులకే కాదు. గోదావరి అవతల రామగుండంలో ఎన్టీపీసీ రిజర్వాయర్ మీద 2022 నుంచి 100 మెగావాట్ల సోలార్ పలకలు తేలుతున్నాయి. దాన్ని నీళ్లనాలా, కరెంటు ప్లాంటనాలా?

ఒక్క ఉపగ్రహ ఫొటోతో తేల్చేద్దామన్నా కుదరదు. జన్నారం టేకు అడవి ఎండాకాలం ఆకు రాల్చి మోడువారుతుంది. అప్పటికి పత్తి చేలూ ఖాళీయే. ఏప్రిల్ చిత్రం ఒక్కటే చూస్తే చేను పడావులా, అడవి తుప్పల నేలలా అనిపిస్తుంది. అందుకే ఎన్నారెస్సీ వానాకాలం, యాసంగి, ఎండాకాలం చిత్రాలను పక్కపక్కన పెట్టి చూస్తుంది. వాటిలో పచ్చని చెట్టు ఎర్రగా కనిపిస్తుంది. కంటికి ఆనని పరారుణ కాంతికి ఎరుపు రంగు కేటాయించడమే కారణం. గనిలోంచి తవ్విపోసిన మట్టి (ఓబీ) గుట్ట మీద నాటిన మొక్కలు ఏపుగా పెరిగితే ఆ గుట్టా ఎర్రబారుతుంది.

ఎన్నారెస్సీ వారి భువన్ పోర్టల్లో ఈ పటాలు ఎవరైనా చూడొచ్చు. అయితే 1:50,000 పటాలకు వాడిన లిస్-3 ఉపగ్రహ కెమెరా చిత్రంలో ఒక్కో చుక్క 23.5 మీటర్ల చదరం, అంటే దాదాపు ఐదున్నర గుంటలు. రెండు గుంటల ఇల్లు అందులో విడిగా కనిపించదు. రెండెకరాల పత్తి చేనుకైతే పట్టుమని పదిహేను చుక్కలు కూడా రావు.