పాట వింటే కళ్లెందుకు చెమ్మగిల్లుతాయి?

మంచి పాట వింటే ఒళ్లు గగుర్పొడుస్తుంది, కళ్లు చెమ్మగిల్లుతాయి. పాట ఆకలి తీర్చదు, గాయం మాన్పదు. మరి శరీరం ఎందుకిలా స్పందిస్తుంది? "అంతా మెదడులోనే ఉందట కదా సిస్టర్?" అని కొందరు అడుగుతుంటారు. కొంతవరకు నిజమే. ఎంతవరకో తెలుసుకుంటే, ఇంట్లో పక్షవాతం వచ్చినవారిని చూసుకునే మీకు ఉపయోగపడుతుంది.

మెదడులో ఏం జరుగుతుంది?

2011లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు, సంగీతం వింటున్నవారి మెదడును స్కాన్ చేశారు. ఒళ్లు గగుర్పొడిచే ఘట్టంలో డోపమిన్ అనే రసాయనం విడుదలైంది. రుచిగా తిన్నప్పుడు కూడా పనిచేసే రసాయనమే అది. ఆ ఘట్టం రాబోతోందని ఎదురుచూసే క్షణాల్లోనే మెదడులో మరోచోట అది ఊరడం మొదలైంది.

ఒక సంగతి గమనించండి. ఆ సంగీతాన్ని శాస్త్రవేత్తలు ఎంపిక చేయలేదు. ఎవరికి నచ్చినది వారే తెచ్చుకున్నారు.

ఒకే పాట, వేరు వేరు మనసులు

ఘంటసాల గారు (1922–1974) చివరి రోజుల్లో పాడిన భగవద్గీతను ఎంతోమంది భక్తితో వింటారు. కానీ మన ఊళ్లలో ఎవరైనా చనిపోతే మైకులో వేసేది కూడా అదే. అందుకే కొబ్బరితోట అవతల నుంచి ఆ గొంతు వినబడగానే "ఎవరు పోయారో" అని గుండె గుభేలుమంటుంది. మన సమాధి కార్యక్రమాల్లో పాడే కీర్తన కూడా అంతే. స్వరం మారలేదు, చెవి మారలేదు. విన్న సందర్భం మారింది.

పాటను, జ్ఞాపకాన్ని మెదడు ముడివేస్తుందని శాస్త్రం చెబుతుంది. ఎవరికి ఏ పాటతో ఏ జ్ఞాపకం ముడిపడిందో వారి జీవితమే చెప్పాలి. అది స్కాన్‌లో కనబడదు.

మంచం పక్కన

చాలామందిలో మాట మెదడు ఎడమ భాగం మీద ఆధారపడుతుంది. పాడటానికి కుడి భాగం కూడా తోడ్పడుతుంది. అందుకే పక్షవాతం వచ్చి "మంచినీళ్లు" అని అడగలేనివారు కొందరు, చిన్ననాటి పాటను మాటలతో సహా పాడగలుగుతారు. అది నటన కాదు. "పాడటం వచ్చు గాని మాట్లాడవేం?" అని కసరకండి.

2008లో ఫిన్లాండ్ పరిశోధకులు ఒక విషయం ప్రకటించారు. పక్షవాతం వచ్చిన కొత్తలో రెండు నెలలు రోజూ తమకిష్టమైన సంగీతం విన్నవారికి, విననివారికంటే, మాటలను గుర్తుంచుకునే శక్తి, ఏకాగ్రత బాగా మెరుగుపడ్డాయి.

మీరు చేయవలసినవి

1. పేషెంటుకు ఏ పాట ఇష్టమో, ఏది వింటే దిగులు పడతారో నర్సుకు ముందే చెప్పండి. మంచి ఉద్దేశంతోనే అయినా, చావు ఇంటిని గుర్తుచేసే పాట పెడితే "నా పని అయిపోయింది" అని వారు బెంగపడవచ్చు.

2. పక్క బెడ్ వారికి ఇబ్బంది లేకుండా, తక్కువ శబ్దంతో కొద్దిసేపు వినిపించండి.

3. వారి ముఖం చూస్తూ ఉండండి. చిరాకుపడినా, ఏడుపు ఆగకపోయినా ఆపేయండి.

4. పాట మందులకు, ఫిజియోథెరపీకి బదులు కాదు. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా ఆలస్యం చేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

మీ అమ్మగారికి ఏ పాటంటే ప్రాణమో మా కేస్ షీటులో ఉండదు. దయచేసి చెప్పండి, రాసుకుంటాం.

– నర్సింగ్ సూపరింటెండెంట్