పరిశోధనకు కావలసిన ఓర్పు

అనంతపురం మెట్ట రైతుకు ఓర్పును గూర్చి ఎవరూ చెప్పనక్కరలేదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ నిలకడ లేనిది. వేసిన వేరుశనగ ఎండిపోయినా అతడు మరుసటి ఏరువాకకు విత్తనం సిద్ధం చేసుకొంటాడు. అయితే, ఆ ఇంటి అమ్మాయే ఎమ్మెస్సీ ముగించి పిహెచ్‌డీ చేస్తానంటే మన ఓర్పు సడలుతుంది. "ఇంకా ఐదేళ్ళా? ఖర్చు ఎవరు భరించాలి? నికాహ్ ఎప్పుడు?" అని అడుగుతాము. ఈ ప్రశ్నలు సహజమైనవే. వాటికి సమాధానాలూ ఉన్నాయి.

ఇమ్యునాలజీనే తీసుకొందాం. శరీరం పరాయి క్రిమిని ఎలా గుర్తిస్తుంది, దానిని ఏళ్ళ తరబడి ఎలా జ్ఞాపకముంచుకొంటుంది అని పరిశోధించే శాస్త్రమిది. టీకాలన్నీ ఆ జ్ఞాపకశక్తి ఆధారంగా పనిచేసేవే. వెయ్యేళ్ళకు పూర్వం మశూచి, తట్టు వేర్వేరు వ్యాధులని వివరించిన అల్ రాజీలోని నిశిత పరిశీలనే నేటి పరిశోధకులకూ అవసరం.

ఆ పరిశీలన అలవడడానికే ఇన్నేళ్ళు పడుతుంది. టీకా ఇచ్చిన ఎలుక రక్తంలో యాంటీబాడీలు పెరిగితే చాలదు. ఇవ్వని ఎలుకతో పోల్చాలి, ప్రయోగాన్ని మళ్ళీ మళ్ళీ చేయాలి. ఆశించిన ఫలితం రాకపోతే, రాలేదనే వ్రాయాలి. ఈ శిక్షణకు ప్రాణం అమానతే.

ఇక ఖర్చు సంగతి. సిఎస్‌ఐఆర్-యుజిసి నెట్ జీవశాస్త్రాల పరీక్షలో ఇమ్యునాలజీ కూడా ఒక పాఠ్యాంశం. అందులో జెఆర్‌ఎఫ్ సాధించి పిహెచ్‌డీలో చేరినవారికి 2023 జనవరి నుండి తొలి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000 రూపాయలు ఫెలోషిప్ లభిస్తున్నది. దీనికి వయోపరిమితి ఉంది. స్త్రీలకు ఐదేళ్ళ సడలింపు ఉంది.

నికాహ్ విషయానికి వస్తే, యుజిసి 2022 నిబంధనల ప్రకారం పిహెచ్‌డీ గడువు మూడు నుండి ఆరేళ్ళు. స్త్రీలకు అదనపు గడువుతో పాటు ప్రసూతికి, శిశు సంరక్షణకు 240 రోజుల వరకు సెలవు పొందే వీలుంది. కాబట్టి చదువా, సంసారమా అని ఒకదానినే ఎంచుకోవలసిన పని లేదు. వివాహ సంబంధం మాట్లాడేటప్పుడే ఈ విషయం స్పష్టం చేసుకోవడం పెద్దల బాధ్యత.

తొలి మెట్టు మన ఊరిలోనే ఉంది. 1981లో ఏర్పడిన శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ బోధిస్తున్నారు. అక్కడినుండి హైదరాబాదులోని సిసిఎంబికి, ఢిల్లీలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇమ్యునాలజీకి ప్రయత్నించవచ్చు. పట్టా పొందినవారికి అధ్యాపక వృత్తి ఒక్కటే గాక, హైదరాబాదు టీకా సంస్థలలోని పరిశోధన, నాణ్యతా పరీక్షల విభాగాలు కూడా గమ్యాలే.

ఒక ప్రయోగం విఫలమై, బిడ్డ దిగులుగా ఇంటికి వచ్చిన రోజున "ఇక చాలించు" అనకండి. పంట పోయిన ఏడు మన పెద్దలు సేద్యం మానుకోలేదని గుర్తుచేయండి.