పాత వీణకు మళ్లీ ప్రాణం

"పెళ్లికి ముందు వీణ నేర్చుకున్నాను" అనే ఆడవాళ్లు మన చుట్టాల్లో ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. ఆ వీణ ఇప్పుడెక్కడుందని అడిగితే మాత్రం మాట మార్చేస్తారు. కొందరిది పుట్టింట్లో అటక మీద ఉంటుంది. కొందరిది ఇల్లు మారేటప్పుడు ఎవరికో ఇచ్చేసి ఉంటారు. నాదైతే నా పెళ్లి ఖర్చులకే అమ్మేశారు.

ఇరవై ఆరేళ్ల తర్వాత, పిల్లలిద్దరూ హాస్టళ్లకు వెళ్లాక మళ్లీ వీణ పట్టాలనిపించింది. "ఈ వయసులో ఇప్పుడెందుకూ?" అన్నారు మావారు. చీటీ డబ్బులు నావే కదా అన్నాను. కొత్త వీణకు ఆ డబ్బు చాలదు. అందుకే పాతదాని కోసం తెలిసినవాళ్లందరికీ చెప్పి ఉంచాను. మూడు నెలలకు ఒక పెద్దావిడ అమ్ముతున్నారని తెలిసింది.

వెళ్లి చూస్తే బొబ్బిలి వీణ! బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశం వాళ్లు తరతరాలుగా చేస్తున్న రకం. కుండనూ దండినీ విడిగా చేసి అతికించకుండా ఒకే పనస దుంగలో తొలుస్తారు. కానీ తీగలు తెగిపోయి, మైనం పగిలి, ఐదు మెట్లు ఊడిపోయి ఉన్నాయి. "చూడ్డానికలా ఉందిగానీ కర్ర గట్టిదమ్మా" అన్నారావిడ. నిజమే. 9,000 రూపాయలకు బేరం కుదిరింది.

కొనే ముందు ఏం చూడాలి?

తీగలు, మైనం, మెట్లు పాడైనా భయపడక్కర్లేదు. అవన్నీ మార్చుకోవచ్చు. చూడాల్సింది కర్రని. దండి చివర కన్ను పెట్టి చూడండి, వంకర ఉండకూడదు. కుండకు పగుళ్లున్నాయేమో వేలితో తడమండి. చిన్న చిన్న రంధ్రాలుండి, తడితే పొడి రాలుతుంటే పురుగు పట్టిందన్నమాట. అలాంటిది ఎంత చవకైనా వద్దు. బిరడలు జారుతుంటే మాత్రం చింత లేదు, సుద్దపొడి రాస్తే పట్టు వస్తుంది.

మేళం కట్టడమే అసలు పని

వీణలు బాగుచేసే ఆయన ముందు పాత మైనాన్ని వేడి చేసి తీసేశారు. తేనెమైనంలో గుగ్గిలం, నల్లపొడి కలిపి కరిగించి, దండి మీద రెండు వరసలుగా పోశారు. దాని మీదే 24 మెట్లూ కూర్చుంటాయి. ఒక్కో తీగకు రెండు స్థాయిలు, స్థాయికి 12 స్వరస్థానాలు. అరిగి గాళ్లు పడిన మెట్లను ఆకురాయితో రాశారు. గుర్రం మీది రేకునూ సాపు చేశారు. అది గరుకుగా ఉంటే తీగ గరగరమంటుందట.

మెట్లు నిలబెట్టేటప్పుడు ఆయన నన్ను పక్కన కూర్చోమన్నారు. "వాయించేది మీరమ్మా. సరిపోయిందో లేదో మీరే చెప్పాలి" అన్నారు. నా గుండె దడదడలాడింది. ఇన్నేళ్లు వంటింటి చప్పుళ్లు తప్ప వినని చెవికి శ్రుతి తెలుస్తుందా? గాంధారం దగ్గర ఆగి, "కాస్త తక్కువ పలుకుతోందండీ" అన్నాను. ఆయన మెట్టును వెంట్రుకవాసి కుండవైపు జరిపారు. మళ్లీ మీటాను. సరిగ్గా సరిపోయింది! వీణ అమ్మేశారు గానీ నేర్చుకున్న విద్యను ఎవరూ అమ్మలేకపోయారని అప్పుడు తెలిసింది.

బాగుచేయించడానికి 6,000 అయ్యింది. ఇప్పుడు రోజూ ఉదయం అరగంట సాధన. ఆ అరగంటా కాఫీ మావారే కలుపుకుంటున్నారు. వేళ్లకు కాయలు కాస్తున్నాయి, సరళీ స్వరాలే ఇంకా తడబడుతున్నాయి. అయినా తొందరేం లేదు.

మీ ఇంట్లోనూ వీణ ఉంటే ఓసారి అటక దించి చూడండి. ఎండ తగిలేచోట, వంటింటి గోడ పక్కన పెట్టకండి, మైనం మెత్తబడి మెట్లు కదిలిపోతాయి. గుడ్డ కప్పి నీడపట్టున ఉంచండి. కర్ర బాగుంటే అది పలుకుతుంది. ఎవరికైనా ఇచ్చేయాలనుకుంటే, ముందు మీరొక్కసారి మీటి చూశాకే ఇవ్వండి.