విదేశములో వైద్యము చదివి వచ్చిన మన బిడ్డలు వ్రాయవలసిన పరీక్ష

రష్యా, కిర్గిజిస్థాన్, జార్జియా వంటి దేశములలో వైద్యము చదివి వచ్చిన బిడ్డలు ఇప్పుడు షోలాపూరు, భివండి వంటి మన నేతపేటలలోను కనబడుచున్నారు. ఇంటిమీద అప్పు చేసి పంపిన తల్లిదండ్రులు, "డిగ్రీ వచ్చినది గదా, ఇంకను పుస్తకము ముందేసుకొని ఇంట కూర్చుండుట దేనికి?" అనుట, సంఘమునకు నూలు కొరకు వచ్చినవారి నోట తరచు వినుచున్నాము. ఆ పెద్దల కొరకే ఇది వ్రాయుచున్నాము.

విదేశపు డిగ్రీ చేతనున్నంత మాత్రమున మన దేశములో వైద్యము చేయు హక్కు రాదు. 2002 నుండి జరుగుచున్న ఎఫ్.ఎం.జి.ఇ. పరీక్షలో నెగ్గవలెను. సంవత్సరమునకు రెండు మార్లు జరుగును. ప్రశ్నలు 300. ఒకే దినమున రెండు భాగములుగా, భాగమునకు 150 ప్రశ్నలు, 150 నిమిషములు. అనగా ప్రశ్నకు ఒక్క నిమిషము. 150 మార్కులు వచ్చిన నెగ్గినట్లే. ర్యాంకుల గొడవ లేదు. తప్పు జవాబుకు కోత లేదు గనుక ఏ ప్రశ్నను ఖాళీగా విడువరాదు. సగము మార్కులే గదా యని పెద్దలు తేలికగా అనుచుందురు. 2024 జూన్ పరీక్షలో నెగ్గినవారు నూటికి సుమారు 21 మంది.

కారణము బిడ్డల సోమరితనము కాదు. 300 ప్రశ్నలలో 100 శరీర నిర్మాణము, మందుల శాస్త్రము మొదలగు మొదటి యేండ్ల చదువునుండి వచ్చును. అవి మరచి నాలుగైదేండ్లు గడచియుండును. తక్కిన 200 రోగులను చూచి నేర్వవలసినవి. అక్కడి రోగి మాట్లాడునది రష్యను భాషయైనచో, మంచము ప్రక్కన నిలిచినను మన పిల్లవానికి సగమే తెలియును. ఇక సామాజిక వైద్యమునుండి 30 ప్రశ్నలు. మన దేశములో పసిబిడ్డకు ఏ వారమున ఏ టీకా, క్షయకు ప్రభుత్వ కార్యక్రమము ఏమి అను విషయములు విదేశపు కళాశాలలో ఎవరు చెప్పుదురు? ఇవి ఇక్కడికి వచ్చిన పిదప కూర్చుండి చదువవలసినవే. శ్రద్ధ పెట్టినచో మార్కులు దక్కునవియు ఇవే.

పాత అచ్చుకు కొత్త పడుగు అతుకుట ఎట్టి పనియో మనకు వేరుగా చెప్పనక్కరలేదు. పోగు పోగునకు చేయి పడవలెను. ఈ చదువును అట్టిదే. నెలల తరబడి, దినమునకు ఇన్ని గంటలని కూర్చుండవలెను. పాత ప్రశ్నలను గడియారము ముందుంచుకొని వ్రాసి చూడవలెను. శిక్షణ కేంద్రము కొరకు మరల అప్పు చేయుటకు ముందు, బిడ్డ ఇంటనే రెండు నెలలు చదివి తనకు ఏది రాదో తెలిసికొనుట మేలని మా అభిప్రాయము.

ఇంటివారు చేయవలసినది చిన్నదే: మగ్గపు చప్పుడు లేని ఒక మూల. పెండ్లికి రమ్మని, బజారుకు పొమ్మని పిలువకుండుట. ఆడపిల్లయైనచో వంటపని మీద పడును, మధ్యలో సంబంధములు వచ్చును; పరీక్ష అగువరకు ఆ మాట ఎత్తవలదని తల్లులను ప్రత్యేకించి కోరుచున్నాము. ఒకమారు తప్పినవారు మరల వ్రాయవచ్చును. దానిని వీధిలో చెప్పుకొని బిడ్డను నలుగురిలో చిన్నబుచ్చవలదు.

పరీక్ష నెగ్గకమునుపే తెలిసినవారి క్లినిక్కులో కూర్చుండి మందులు వ్రాయుమని కొందరు పిలుచుచున్నారు. పంపవలదు. నమోదు లేక వైద్యము చేసినచో, 2019 నాటి చట్టము ప్రకారము ఏడాది వరకు జైలు, లేదా అయిదు లక్షల వరకు జరిమానా, లేదా రెండును.

ఇక ముందు పంపదలచినవారు దళారి మాట నమ్మక 2021 నిబంధనలు చూడవలెను. చదువు 54 నెలలకు తగ్గరాదు, ఆంగ్లములో జరుగవలెను, అక్కడనే 12 నెలల ఇంటర్న్‌షిప్ ఉండవలెను. ఇక్కడికి వచ్చిన పిదప మరల 12 నెలలు. నీట్ పరీక్షలో నెగ్గియే పోవలెను. తిరిగి వచ్చునపుడు డిగ్రీ పత్రమునకు అక్కడి భారత రాయబార కార్యాలయపు ధ్రువీకరణ గాని, అపోస్టిల్ ముద్ర గాని వేయించుకొని రావలెను. అది లేనిచో పరీక్షకు దరఖాస్తు దగ్గరనే చిక్కు వచ్చును.