వన్నె మారిన నాణెములు

జనుల జేబులలోను, అంగళ్ల గల్లాపెట్టెలలోను, దేవాలయముల హుండీలలోను సంచరించు నాణెములలో కొన్ని వింతవన్నెలు దాల్చి కన్పట్టుట పాఠకు లెఱుగని విషయము కాదు. పసుపుపచ్చగా నుండవలసిన పదిరూపాయల బిళ్ల యంచు నల్లబడి యుండును. ఇత్తడివన్నె గల అయిదు రూపాయల బిళ్ల రాగివలె ఎఱ్ఱబడి యుండును. ఒకదానిపై పచ్చని చిలుము, వేఱొకదానిపై పొగచూరిన మచ్చ. అట్టి నాణెము చేతికి వచ్చినపుడు కొందఱు అది చెల్లదని త్రోసివేయుదురు. మఱికొందఱు అది అపురూపమైనదని, అమ్మినచో లక్షలు వచ్చునని దాచుకొందురు. ఈ రెండును భ్రాంతులే యని మా యభిప్రాయము. మొదటిదానివలన బీదలు నష్టపడుచున్నారు. రెండవదానివలన మోసగాండ్రు లాభపడుచున్నారు. కావుననే చిన్నదిగా దోచు నీ విషయమును గూర్చి నాలుగు మాటలు వ్రాయవలసివచ్చినది.

మన భాషలో "వన్నె" యను మాటకు రంగు అనియు, బంగారపు మేలిమి అనియు రెండర్థములు గలవు. ఈ రెండర్థము లొకే మాటలో నిముడుట యూరక జరుగలేదు. నాణెము విలువ దాని లోహమునందే యున్న కాలమున షరాబు దానిని తూచి చూచెడివాడు, మ్రోగించి చూచెడివాడు, గీటురాయిపై గీచి వన్నె చూచెడివాడు. వన్నె తఱిగినచో మేలిమి తఱిగినట్లే. మేలిమి తఱిగినచో విలువ తఱిగినట్లే. కనుక రంగు మారిన నాణెమును శంకించు నలవాటు మన జనులకు మూఢత్వమువలన గాక, అనుభవమువలననే యబ్బినది.

ఆ యనుభవమున కడపటి యధ్యాయమును వ్రాసినది ఆంగ్లప్రభుత్వమే. విక్టోరియా కాలపు రూపాయ 180 గ్రెయినుల తూకము గలది. అనగా సరిగా ఒక తులము. అందు 165 గ్రెయినులు మేలివెండి. రెండవ ప్రపంచయుద్ధమున మన యనుమతి లేకయే మనలను దింపిన ప్రభుత్వము 1940లో రూపాయ తూకమును, రూపును మార్చక, అందలి వెండిని మాత్రము 90 గ్రెయినులకు దించినది. తక్కినది రాగి, నికెలు, తుత్తునాగము. పిమ్మట 1941 ఏప్రిల్ 1 మొదలు విక్టోరియా రూపాయలును, 1942 జూన్ 1 మొదలు ఏడవ ఎడ్వర్డు రూపాయలును, 1943 మే 1 మొదలు అయిదవ, ఆఱవ జార్జిల పేరిటి మేలివెండి రూపాయలును చెల్లుబాటు గాకుండ చేసినది. రైతు తరతరములుగా కుండలో దాచుకొన్న వెండి ఖజానాకు జేరెను. అతని చేతికి సగము వెండి గల బిళ్లయో, కాగితమో వచ్చెను. ఆ బిళ్ల కొలదికాలపు వాడుకకే మసకబాఱుట జూచి పల్లెటూరివారు దానిని శంకించిరన్న, ఆ శంకలో న్యాయము లేదని యెవ్వరనగలరు?

చిన్న నాణెముల గతియు నట్టిదే. నికెలు యుద్ధమున కవసరమగుటచే 1942 మొదలు 1945 వఱకు అణాలు, బేడలు నికెలు కలిపిన ఇత్తడితో ముద్రింపబడెను. తెల్లని అణా పసుపువన్నె దాల్చెను. రాగి పొదుపునకై 1943లో కానీకి నడుమ చిల్లు పొడిచిరి. చేత చిల్లిగవ్వ లేదనుట మన వాడుక. చిల్లు గల కానీని గూడ చూపినది ఆ ప్రభుత్వము. 1946, 1947 సంవత్సరములలో రూపాయ, అర్ధరూపాయ, పావులా నికెలు నాణెములుగా మాఱుటతో వాడుక నాణెమునకు వెండితో గల సంబంధము తెగిపోయెను.

స్వతంత్రభారతము నాణెములకు లోహము విలువ నీయదలచలేదు, శాసనబలమునే యిచ్చినది. 1957 ఏప్రిల్ 1న దశాంశపద్ధతి వచ్చిన తరువాత కంచు నయాపైస, అటుపిమ్మట అల్యూమినియము పైస, 1968లో పద్మము గల పసుపువన్నె 20 పైసల బిళ్ల, ఇట్లు లోహము లెన్నియో మాఱినవి. ఆ పద్మపు బిళ్లలను లక్ష్మీపూజకు దాచుకొన్న యిండ్లు నేటికిని గలవు. 2011 జూన్ 30తో 25 పైసలును, అంతకు దిగువ నాణెములును చెల్లుబాటు కోల్పోయినవి. పూజలో నున్న ఆ బిళ్ల పసుపు కుంకుమలతో నెంత మెఱసినను అంగడిలో చెల్లదు; అంగడిలోని నల్లబడిన పదిరూపాయల బిళ్ల యెంత మాసినను చెల్లును. వన్నెకును విలువకును నడుమ నున్న పాతముడి విడిపోయినదనుట కింతకంటె నిదర్శన మేల?

ఇక వన్నె యేల మాఱునో విచారింతము. పదిరూపాయల బిళ్ల 2011 నాటి మాదిరిలో వెలుపలి వలయమున నూటికి 92 పాళ్లు రాగి, 6 పాళ్లు అల్యూమినియము, 2 పాళ్లు నికెలు కలవు. నడిమి బిళ్ల 83 పాళ్ల ఇనుము, 17 పాళ్ల క్రోమియము కలిసిన ఉక్కు. రాగికి గంధకపు ఆవిరి సోకినచో నల్లబడును. చెమటలోని యుప్పు, తేమ తగిలినచో చిలుము పట్టును. ఉక్కులోని క్రోమియమో, గాలి తగిలినంతనే కంటికి గానరాని పలుచని పొరగా నేర్పడి లోపలి యినుమును గాపాడును. అందుచేత ఒకే నాణెమున వలయము నల్లనై, నడుమ తెల్లగా నిలుచును. చూచువారు ఇది అతికిన దొంగబిళ్ల యని తలంతురు. నిజమున కది రెండు లోహముల స్వభావభేదము మాత్రమే. అయిదు రూపాయల బిళ్లలో 75 పాళ్లు రాగి, 20 పాళ్లు తుత్తునాగము, 5 పాళ్లు నికెలు. పులుపులోను, ఉప్పునీటిలోను చాలకాలము నానినచో తుత్తునాగము ముందుగా కరగిపోయి, పైన రాగి మిగిలి, బిళ్ల యెఱ్ఱబడును. మన గృహిణులు ఇత్తడి బిందెలపై నిత్యము చూచు వింతయే యిది. గోదావరిలో యాత్రికులు వేసిన బిళ్లలు, హుండీ తేమలో నూరిన బిళ్లలు, నిప్పున బడిన బిళ్లలు తలకొక వన్నె దాల్చుట యిందుచేతనే.

రూపభేదములు ఈ శంకను మఱింత పెంచినవి. రూపాయ చిహ్నము 2010లో నిర్ణయింపబడి, 2011 మొదలు నాణెములపై కెక్కినది. అంతకు ముందటి పదిరూపాయల బిళ్లలపై నది లేదు. లేనివి దొంగవని యొక వదంతి పుట్టినది; గీతలు పదియుండవలెనని, పదునైదుండరాదని వేఱొకటి. రిజర్వుబ్యాంకువారు 2016 నవంబరులో ఈ వదంతులను ఖండించిరి. 2018 జనవరి 17న, అదివఱకు 14 మాదిరుల పదిరూపాయల నాణెములు విడుదల యయ్యెననియు, అన్నియు చెల్లుననియు ప్రకటించిరి. అయినను ఆంధ్ర, తెలంగాణములలో ననేక పట్టణముల యంగళ్లలో ఆ బిళ్లకు చాలకాలము ప్రవేశము లేకపోయెను. ముద్రించు టంకశాలలలో నొకటి హైదరాబాదునకు చేరువనున్న చర్లపల్లిలోనిదే. అచట ముద్రితమైన నాణెముపై సంవత్సరము క్రింద నక్షత్రపు గుర్తుండును. మన వాకిట ముద్రితమైన నాణెమును మన వాకిటనే త్రోసివేయుట యెంతటి విడ్డూరము!

శాసనము స్పష్టముగా నున్నది. 2011 నాటి నాణెముల చట్టము ననుసరించి, రూపాయయు, అంతకు మించినవియు నగు నాణెములు వేయిరూపాయల మొత్తము వఱకు, అర్ధరూపాయ పదిరూపాయల వఱకు చెల్లింపునకు తగినవి. నాణెమును చెఱిపి వికృతము చేసియుండరాదనియు, దాని తూకము నిర్ణీతమైన దానికంటె తఱిగియుండరాదనియు మాత్రమే నియమము. అందు వన్నె మాట లేదు. దొంగనాణెములు లేకపోలేదు, కాని వానిని తూకమువలన, అంచువలన, అక్షరముల స్ఫుటత్వమువలన గుర్తింపవలెను గాని, ఒక్క రంగు జూచి తీర్పు చెప్పరాదు. సందేహ మున్నచో బ్యాంకున కొనిపోవచ్చును. నాణెములను స్వీకరింపవలసినదని రిజర్వుబ్యాంకు బ్యాంకుల కన్నిటికిని ఆదేశించియున్నది.

ఈ తిరస్కారపు బరువు నెవరు మోయుచున్నారు? నోట్లతో వ్యవహరించు భూస్వామి గాడు, చరవాణితో చెల్లించు ఉద్యోగియు గాడు. సంతలో ఆకుకూరల గంప ముందు గూర్చున్న యవ్వ పదిరూపాయల బిళ్లలనే పుచ్చుకొనవలెను. సాయంకాలము బియ్యమునకు బోయినచో, ఆ బిళ్ల నల్లగా నున్నదని దుకాణదారు త్రిప్పివేయును. బస్సు కండక్టరునకును, టీకొట్టువానికిని ఇదే యిక్కట్టు. ఆమె దినపు కష్టమంతయు చేతిలో నున్నను అది ధనము కాకపోయెను. ప్రభుత్వము రద్దు చేయని నాణెమును వీధి రద్దు చేయుచున్నది. 1940లో వెండిని తీసివేసి రైతును దోచినవాడు పరాయి ప్రభువు. నేడు చెల్లు బిళ్లను త్రోసివేసి యా యవ్వను దోచుచున్నవారు మనవారే.

రెండవ భ్రాంతియు తక్కువది కాదు. మచ్చ గల పాతబిళ్లకు లక్షలిత్తుమని ప్రకటించి, ముందుగా రుసుమనియు, పన్ననియు సొమ్ము గుంజు ముఠాలు బయలుదేరినవి. రిజర్వుబ్యాంకు పేరు వాడుకొని యిట్టి మోసములు జరుగుచున్నవని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించి, తాను నాణెముల క్రయవిక్రయములలో పాల్గొననని తెలిపినది. టంకశాలలోనే పొరపాటున ఒక లోహపు బిళ్లపై వేఱొక ముద్ర పడినచో దానిని సేకరించువా రపురూపముగా నెంచుట నిజమే. కాని చెమటచే, చిలుముచే గలిగిన వన్నె అపురూపము గాదు. చింతపండుతో తోమి మెఱుగుపెట్టిన నాణెమునకు సేకరించువారియొద్ద విలువ తగ్గునే గాని పెరుగదు.

చదువుకొన్న గృహస్థులకును, వర్తకులకును మేము చేయు విన్నపము స్వల్పము. కూలి యిచ్చునపుడు మాసిన బిళ్లలు నిస్సంకోచముగా నిండు, పుచ్చుకొనునపుడు నట్లే పుచ్చుకొనుడు. మీ యంగడిలో "పదిరూపాయల బిళ్లలు తీసికొనబడవు" అన్న పలక యున్నచో దానిని నేడే తీసివేయుడు. గ్రామములో నలుగురు వినునట్టి మనిషి ఒక్కడు పుచ్చుకొన్నచో తక్కినవారును పుచ్చుకొందురు. వదంతి నిలుచునది పెద్దల మౌనముమీదనే. వెండి పోయిన తరువాత నాణెమున మిగిలినది ఒకరి మాటపై నొకరికి గల నమ్మకము మాత్రమే. దానికి చిలుము పట్టనీయకుండుట మన చేతిలోని పని.